చతుస్సరిహద్దులు

మాంటెవిడియోలో, ఓడరేవు వెనక వీధిలో
మూడో అంతస్తులో నా బల్ల.
పాత సినిమాల హక్కులు చూసుకోవడం నా పని.
పొలం అమ్మినట్టే సినిమానీ అమ్ముతాం:
ఉత్తరం ఎవరిది, దక్షిణం ఎవరిది,
ఎన్నేళ్ళు, ఏ భాషలో, ఏ తెర మీద.
వెలుగుముక్కకి హద్దురాళ్ళు పాతి
కింద సంతకం.

మొన్న లివ్రమెంటో నుంచి ఉత్తరం వచ్చింది,
గళ్ళ నోటుపుస్తకంలోంచి చించిన కాగితం.
నెలీదా బెరుత్తి, వయసు డెబ్బై.
"అయ్యా, మీ 'ఉన్ని బండి' సినిమాలో
బావి దగ్గర బకెట్ పట్టుకుని నిలబడ్డ పిల్లని నేనే.
పదకొండు సెకన్లు.
మా ఇంట్లో నొక్కితే
మీ దేశంలో ఇది అందుబాటులో లేదంటోంది.
నా దేశం ఏదో దానికెవరు చెప్పారు?"

ఆ ఊరు చూడనివాళ్ళకి చెప్పాలి.
ఇటు రివేరా, అటు లివ్రమెంటో,
ఇటు ఉరుగ్వే, అటు బ్రెజిల్.
మధ్యలో గోడ లేదు, ముళ్ళకంచె లేదు,
ఒట్టి వీధి.
ఈ పక్క రొట్టె కొని ఆ పక్క చిల్లర తీసుకుంటారు.
పెళ్ళిళ్ళలో స్పానిష్‌లో తిట్టుకుని
పోర్చుగీసులో ఏడుస్తారు.
కుక్కలకి రెండు దేశాల స్తంభాలూ ఒకటే.

ఫైలు తీశాను.
సినిమాది తప్పు కాదు.
నలభయ్యో నిమిషంలో సారాకొట్లో ఒక ముసలాడు
బాండోనియన్ వాయిస్తాడు,
రెండు నిమిషాల నలభై సెకన్లు.
పాట కట్టింది ఇల్దెఫోన్సో కుర్బేలో.
ఆనాడు నిర్మాత జేబు ఒక్క దేశానికే సరిపోయింది,
"ఉరుగ్వే వరకు" అని రాసుకున్నారు.
కుర్బేలో పోయాడు. పాట ముగ్గురికి పంచింది చట్టం:
పైసాందూలో టైర్ల కొట్టు నడిపే మేనల్లుడు;
సైన్యం రోజుల్లో స్వీడన్ పారిపోయిన కూతురు,
మాల్మోలో ఉంటుంది, మా కవర్లు విప్పదు;
మూడోవాడు ఉన్నాడో పోయాడో
మేనల్లుడే చెప్పలేడు.
వరమిచ్చిన దేవుడు ఎప్పుడో వెళ్ళిపోయాడు,
పూజారులు ముగ్గురు, తాళంచెవి మూడు ముక్కలు.
ముగ్గురూ సంతకం పెడితేగానీ
ముసలాడు వీధి దాటలేడు.
ముసలాడు దాటకపోతే
పిల్లా దాటదు, బకెట్టూ దాటదు.

ఇదంతా ఆఫీసు భాషలో టైపు చేసి
చివర పెన్నుతో ఒక మాట చేర్చాను:
"వీధి దాటండి."
పోస్టులో వేశాక సిగ్గేసింది.

పదిహేను రోజులకి ఇంకో గళ్ళ కాగితం.
"దాటాను. మందుల షాపు కుర్రాడు
తన వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాడు, బెంచీ తుడిచాడు.
మా చిన్నప్పుడు రెండు హాళ్ళకీ కలిపి ఒకటే కాపీ,
ఇక్కడ ఆడేసిన రీలుని
మా అన్న ఒలావో సైకిల్ మీద
అక్కడికి తొక్కుకుపోయేవాడు.
వాడు చెమట తుడుచుకునేదాకా
బ్రెజిల్ అంతా ఈలలు వేసేది.
సరే, నన్ను నేను చూసుకున్నాను.
అరవై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నాను,
ఆ బకెట్ మోయలేక చేతులు బొబ్బలెక్కాయని.
ఖాళీది అయ్యా.
గాలికి ఊగుతోంది.
ఇంటికి నడుస్తూ కూడా చూస్తున్నాను.
వీధి సగంలో, సరిహద్దు రాయి దగ్గర
మందుల షాపు గాలి పలచబడింది.
సరిగ్గా అప్పుడే మీ ముసలాడు మొదలెట్టాడు.
రెండు స్వరాలు, ఆగడం. చక్రం తిరగడం.
మళ్ళీ ఒక స్వరం.
కదిలితే పోతుందని
అక్కడే నిలబడ్డాను.
ఎన్ని కార్లు హారన్ కొట్టాయో
ఏ దేశపువో చూడలేదు."

ఇవాళ మాల్మోకి మళ్ళీ రాశాను.
ఇది ఏడో ఉత్తరం.
ఈసారి ఫారం జత చెయ్యలేదు.
బకెట్ సంగతి రాశాను.